మీకు తెలుసా? గోల చేయకుండా మెదడుకెక్కే క్రిములు

మెదడుకు ఇన్ఫెక్షన్ సోకిందంటే ఒళ్ళు కాలిపోవాలి, తల పగిలిపోవాలి, మెడ కర్రలా బిగుసుకోవాలి అనుకుంటాం. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఇవేవీ లేకుండానే జబ్బు ముదిరిపోవచ్చు. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, నెలల తరబడి స్టెరాయిడ్లు వాడేవారు, షుగర్ అదుపులో లేనివారు, లివర్ దెబ్బతిన్నవారు, గర్భిణులు, పసికందులు, వయసు మళ్ళినవారు ఈ జాబితాలోకి వస్తారు. అంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరు. వారి మెదడు జోలికి వచ్చే బ్యాక్టీరియా గురించి కొన్ని సంగతులు.

జ్వరం తెప్పించేది మన ఒళ్ళే

క్రిమి లోపలికి రాగానే వచ్చే జ్వరం, వాపు, నొప్పి చాలావరకు మన రక్షణ కణాలు చేసే హడావుడే. అవి వదిలే రసాయనాలు మెదడులోని ఉష్ణోగ్రత కేంద్రాన్ని కదిపితే జ్వరం వస్తుంది. అవే కణాలు మెదడు పొరల దగ్గర గుమిగూడి వాపు తెస్తే తలపోటు, మెడ పట్టేయడం మొదలవుతాయి. ఆ కణాలే కరవైన మనిషిలో క్రిమి ఎంత పెరిగినా హడావుడి ఉండదు. ఇల్లు లోపల కాలుతున్నా పొగ బయటికి రాదన్నమాట. అందుకే వీరిలో లక్షణాలు తక్కువగా ఉన్నాయంటే జబ్బు చిన్నదని కాదు.

మూడు లక్షణాలూ కలిసి రావాలని లేదు

జ్వరం, మెడ బిగింపు, స్పృహలో తేడా. మెనింజైటిస్‌కు ఇవి మూడూ గుర్తులని వైద్య పాఠాలు చెబుతాయి. నెదర్లాండ్స్ వైద్యులు పెద్దల్లో వచ్చిన 696 బ్యాక్టీరియల్ మెనింజైటిస్ కేసులను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. మూడూ కలిసి కనిపించింది 44 శాతం మందిలోనే. తలనొప్పిని కూడా కలిపి నాలుగింటిలో ఏవైనా రెండు చూస్తే మాత్రం 95 శాతం మందిలో ఉన్నాయి. ఇది అందరినీ కలిపి చూసిన లెక్క. నిరోధక శక్తి తగ్గినవారి విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. జ్వరం లేకపోయినా తలనొప్పికి మగత తోడైందంటే చాలు, ఆసుపత్రికి బయల్దేరాల్సిందే.

పరీక్ష కూడా మోసపోవచ్చు

మెనింజైటిస్ ఉందో లేదో తేల్చడానికి వెన్ను నుంచి తీసిన నీటిలో తెల్ల రక్తకణాలను లెక్కపెడతారు. అవి ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టు. కీమోథెరపీ వల్ల తెల్లకణాలు అడుగంటిన రోగిలో అక్కడికి చేరడానికి అసలు కణాలే ఉండవు. నీటిలో బ్యాక్టీరియా ఉన్నా కణాల లెక్క మామూలుగానే రావచ్చు. అలాంటివారిలో వైద్యులు ఆ ఒక్క అంకెను నమ్ముకోరు. కల్చర్, జన్యు పరీక్షల ఫలితాల కోసం చూస్తూనే మందులు మొదలుపెడతారు.

మెదడుకు ప్రత్యేకమైన కట్టడి

1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. అవయవాలన్నీ రంగు పీల్చుకున్నాయి, మెదడు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. మెదడులోని సన్నని రక్తనాళాల గోడ కణాలు ఒకదానికొకటి సందులేకుండా అతుక్కుని ఉండటమే దీనికి కారణమని తర్వాత తెలిసింది. ఈ కట్టడి చాలా క్రిములను ఆపుతుంది. చాలా మందులనూ ఆపుతుంది. అందుకే మెదడు ఇన్ఫెక్షన్లకు యాంటీబయాటిక్‌ను ఎక్కువ మోతాదులో, చాలా రోజులపాటు రక్తనాళం ద్వారానే ఇవ్వాల్సి వస్తుంది. కొన్ని బ్యాక్టీరియా మన తెల్లకణాల్లోనే దాక్కుని ఈ సరిహద్దు దాటేస్తాయి. వాటిలో పేరుమోసినది లిస్టీరియా.

ఫ్రిజ్‌లోనూ పెరిగే బ్యాక్టీరియా

ఫ్రిజ్‌లో పెడితే పాడవదన్నది మన ధీమా. చాలా బ్యాక్టీరియా చలికి నెమ్మదిస్తాయి కానీ లిస్టీరియా 4 డిగ్రీల చలిలోనూ పెరుగుతూనే ఉంటుంది. 1926లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ప్రయోగశాల కుందేళ్ళు చనిపోతుంటే ముర్రే, వెబ్, స్వాన్ అనే పరిశోధకులు దీన్ని గుర్తించారు. ఆహారం ద్వారా మనుషులకు సోకుతుందని గట్టిగా రుజువు కావడానికి మాత్రం మరో అర్ధ శతాబ్దం పైగా పట్టింది.

ఆ రుజువు కెనడాలో దొరికింది. 1981లో నోవా స్కోషియా, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో 41 మందికి లిస్టీరియా సోకింది. వారిలో ఎక్కువమంది గర్భిణులు, నవజాత శిశువులు. ఆరా తీస్తే కోల్‌స్లా అనే పచ్చి క్యాబేజీ సలాడ్ దగ్గర తీగ దొరికింది. గొర్రెల్లో లిస్టీరియా జబ్బు వచ్చిన ఒక పొలంలో వాటి పచ్చి పేడను క్యాబేజీకి ఎరువుగా వేశారు. కోసిన పంటను చలికాలమంతా చల్లని కొట్టులో నిల్వ చేశారు. క్యాబేజీ చెడకుండా ఉండేందుకు పెట్టిన చలే లిస్టీరియా పెరగడానికి పనికొచ్చింది.

1,060 కేసులు, 216 మరణాలు

ప్రపంచంలో నమోదైన అతి పెద్ద లిస్టీరియా వ్యాప్తి దక్షిణాఫ్రికాలో 2017, 2018 సంవత్సరాల్లో వచ్చింది. ముందుగా పసికందుల వార్డుల్లో కేసులు పెరగడం వైద్యులు గమనించారు. నెలలు గడిచినా మూలం దొరకలేదు. 2018 జనవరిలో సొవెటోలోని ఒక పసిపిల్లల సంరక్షణ కేంద్రం నుంచి కొందరు చిన్నారులు జ్వరం, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చారు. వారు తిన్నది పొలోనీ అనే చవకైన మాంసం ముద్ద, వండకుండా ముక్కలు కోసి రొట్టెలో పెట్టుకునే రకం. ఆ కేంద్రం ఫ్రిజ్‌లోని పొలోనీ నుంచి అది తయారైన పొలోక్వానే కర్మాగారం దాకా జన్యు పరీక్షలతో జాడ పట్టారు. మార్చి 4న ఆ దేశ ఆరోగ్య మంత్రి ఆరన్ మోత్సొవలెడి మూలం దొరికిందని ప్రకటించి, ఆ ఉత్పత్తులను వెనక్కి తెప్పించారు. సంరక్షణ కేంద్రం పిల్లలకు వచ్చింది కడుపు జబ్బే. పసికందులకు, హెచ్‌ఐవీ ఉన్నవారికి అదే క్రిమి ప్రాణాంతకమైంది.

అందరికీ ఇచ్చే ఇంజెక్షన్ దీనికి పనిచేయదు

మెనింజైటిస్ అనుమానం రాగానే ఆసుపత్రుల్లో ముందుగా ఇచ్చే మందుల్లో సెఫ్ట్రియాక్సోన్ ఒకటి. చాలా బ్యాక్టీరియాను అది చంపుతుంది. లిస్టీరియాకు మాత్రం ఆ మందుల కుటుంబం మీదే పుట్టుకతో నిరోధం ఉంది. దానికి పాతకాలపు ఆంపిసిలిన్ కావాలి, అదీ కనీసం మూడు వారాలు. అందుకే 50 ఏళ్ళు దాటినవారికి, నిరోధక శక్తి తగ్గినవారికి మొదటి రోజు నుంచే ఆంపిసిలిన్ జత చేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. రోగి కిడ్నీ మార్పిడి చేయించుకున్నాడనో, స్టెరాయిడ్లు వాడుతున్నాడనో డాక్టర్‌కు చెప్పకపోతే ఈ జత మందు తప్పిపోయే ప్రమాదం ఉంది.

పాలు కాచడం మనకున్న రక్ష

మన ఇళ్ళలో పాలు పొంగేదాకా కాచనిదే ముట్టం. ఆ వేడికి లిస్టీరియా బతకదు. పాశ్చరైజేషన్‌కూ బతకదు. అమెరికాలో, ఐరోపాలో ఉంటున్న మన తెలుగువారు గర్భంతో ఉన్నా, నిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా, అక్కడి పచ్చిపాల చీజ్‌లకు, వేడిచేయని మాంసం ముక్కల సాండ్‌విచ్‌లకు దూరంగా ఉండటం మేలు. 2011లో అమెరికాలోని కొలరాడో పొలం నుంచి వచ్చిన కర్బూజా పళ్ళ వల్ల 147 మందికి లిస్టీరియా సోకి 33 మంది చనిపోయారు. తొక్క మీది క్రిమి కత్తితోపాటే లోపలికి వెళ్తుంది. పండు కోసే ముందు బాగా కడగండి. కోసినది ఫ్రిజ్‌లో రోజుల తరబడి ఉంచకండి. ఇంకో సంగతి, తిన్న 70 రోజుల తర్వాత కూడా ఈ జబ్బు బయటపడవచ్చు.

వారాల తరబడి సాగే తలనొప్పి

లిస్టీరియా మన దగ్గర అరుదు. టీబీ అరుదు కాదు. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే. ఊపిరితిత్తుల నుంచి మెదడు పొరలకు పాకితే అది టీబీ మెనింజైటిస్. హెచ్‌ఐవీ ఉన్నవారిలో, చిన్నపిల్లల్లో దీని ముప్పు ఎక్కువ. ఇది ఒక్కరోజులో పడగొట్టదు. రెండు మూడు వారాలపాటు సన్నని తలనొప్పి, ఆకలి మందగించడం, సాయంత్రాలు కొద్దిపాటి వెచ్చదనం, చిరాకు. తర్వాత ఒకటి రెండుగా కనిపించడం, మగత, ఫిట్స్. మొదటి దశలో చికిత్స అందితే చాలామంది కోలుకుంటారు. స్పృహ తప్పాక మొదలుపెడితే ప్రాణం దక్కడం కష్టం. పుట్టగానే భుజానికి వేసే బీసీజీ టీకా ముఖ్య ప్రయోజనం ఇక్కడే ఉంది. పెద్దల ఊపిరితిత్తుల టీబీని అది అంతగా ఆపలేకపోయినా, పసిపిల్లలను టీబీ మెనింజైటిస్ నుంచి బాగా కాపాడుతుంది.

శక్తి తిరిగొచ్చినా చిక్కే

హెచ్‌ఐవీతోపాటు టీబీ మెనింజైటిస్ ఉన్నవారికి రెండు చికిత్సలూ ఒకేసారి మొదలుపెట్టరు. ముందు టీబీ మందులు, కనీసం నాలుగు వారాలు గడిచాక హెచ్‌ఐవీ మందులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎందుకంటే హెచ్‌ఐవీ మందులతో రక్షణ కణాలు ఒక్కసారిగా కోలుకుని మెదడులోని టీబీ మీద విరుచుకుపడితే వాపు పెరిగి రోగి పరిస్థితి దిగజారవచ్చు. ఆ వాపును తగ్గించడానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. వియత్నాంలో 545 మందిపై చేసి 2004లో వెల్లడించిన పరీక్షలో అది మరణాలను తగ్గించింది. హెచ్‌ఐవీ ఉన్న 520 మందిపై వియత్నాం, ఇండోనేసియాల్లో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఒకే జబ్బు, ఒకే మందు, రోగి నిరోధక శక్తిని బట్టి ఫలితం వేరు.

కీళ్ళవాతం ఇంజెక్షన్‌కు ముందు టీబీ పరీక్ష ఎందుకు?

మనలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. దాని చుట్టూ కణాలు గోడ కట్టి ఉంచుతాయి. ఆ గోడ నిలబడటానికి టీఎన్ఎఫ్ అనే రసాయనం కావాలి. కీళ్ళవాతానికి, పేగు వాపు జబ్బులకు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు ఆ రసాయనాన్నే అణచివేస్తాయి. 2001లో అమెరికా పరిశోధకులు ఆ మందు వాడాక టీబీ బయటపడిన 70 మంది వివరాలు ప్రచురించారు. వారిలో సగానికి పైగా కేసుల్లో టీబీ ఊపిరితిత్తులు దాటి ఇతర అవయవాల్లో కనిపించింది. అప్పటి నుంచి ఆ ఇంజెక్షన్లకు ముందు టీబీ పరీక్ష తప్పనిసరి అయింది. డాక్టర్ రాస్తే విసుక్కోకుండా చేయించుకోండి.

మట్టిలోంచి ఊపిరితిత్తికి, అక్కడి నుంచి మెదడుకు

1888లో ఫ్రెంచి పశువైద్యుడు ఎడ్మండ్ నొకార్డ్ గ్వాడెలూప్ పశువుల జబ్బులో ఒక కొత్త బ్యాక్టీరియాను కనుగొన్నాడు. దాని పేరే నొకార్డియా. ఇది మట్టిలో ఉంటుంది. దుమ్ముతోపాటు పీలిస్తే ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదు. అవయవ మార్పిడి జరిగినవారిలో, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారిలో ఊపిరితిత్తుల్లో పాతుకుని మెదడులో చీముగడ్డలు కడుతుంది. విచిత్రమేమంటే, ఆ గడ్డలు ఉన్నా కొందరికి తలనొప్పి కూడా ఉండదు. అందుకే ఇలాంటివారి ఊపిరితిత్తుల్లో నొకార్డియా దొరికితే, బాధేమీ లేకపోయినా మెదడుకు స్కాన్ తీస్తారు. ఎక్స్‌రేలో, సూక్ష్మదర్శినిలో ఇది టీబీలా భ్రమింపజేస్తుంది. మెదడుకు పాకితే చికిత్స దాదాపు ఏడాది పడుతుంది.

వరిమడి, వానాకాలం, షుగర్

1912లో రంగూన్‌లో పనిచేస్తున్న ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, ఆయన సహాయకుడు సి. ఎస్. కృష్ణస్వామి ఒక కొత్త జబ్బును వివరిస్తూ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్యాసం రాశారు. ఈనాడు దాన్ని మెలియాయిడోసిస్ అంటున్నాం. దీని బ్యాక్టీరియా బురద నేలల్లో, వరిపొలాల నీటిలో ఉంటుంది. వానల కాలంలో కాలి పుండు ద్వారానో, పీల్చే తుంపర ద్వారానో లోపలికి చేరుతుంది. ఎక్కువగా చిక్కేది షుగర్ ఉన్నవారే. కొందరిలో మెదడుకు, వెన్నుపాముకు చేరుతుంది. దీన్ని కూడా తరచూ టీబీ అని పొరబడతారు. టీబీ మందులు దీనిపై పనిచేయవు. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఉన్న ఒక సైనికుడిలో 62 ఏళ్ళ తర్వాత ఇది బయటపడిన దాఖలా ఉంది. షుగర్ ఉన్న రైతులు, కూలీలు కాలికి గాయం ఉన్నప్పుడు మడిలో దిగకపోవడం, దిగక తప్పకపోతే బూట్లు తొడుక్కోవడం అవసరం.

ప్లీహం లేనివారికి కుక్క నాకినా ప్రమాదమే

ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం రక్తాన్ని వడగట్టి, మందపాటి తొడుగున్న బ్యాక్టీరియాను ఏరివేస్తుంది. మెనింజైటిస్ తెచ్చే న్యూమోకాకస్ అలాంటిదే. ప్రమాదంలో దెబ్బతినో, తలసీమియా వల్లనో ప్లీహం తీయించుకున్నవారికి గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో చిన్న వయసులోనే ప్లీహం పనిచేయడం మానేస్తుంది. రోజూ పెన్సిలిన్ ఇస్తే ఆ పిల్లల్లో తీవ్రమైన న్యూమోకాకస్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికాలో తేలింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ కుటుంబాలు ఉన్నాయి కాబట్టి ఈ విషయం అక్కడి తల్లిదండ్రులకు చేరాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కల నోటిలోనూ ఉండే క్యాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా కూడా ప్లీహం లేనివారిలో మెనింజైటిస్ తేగలదు. ఆపరేషన్ ముందే నిర్ణయమైతే రెండు వారాల ముందుగా టీకాలు వేయించుకోవాలి. తర్వాత చిన్న జ్వరం వచ్చినా ఆగకూడదు.

అన్నంలో బీజాలు

బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి. వండినా చావవు. అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే మొలకెత్తి పెరుగుతాయి. మామూలు మనిషికి వాంతులు, విరేచనాలతో సరిపోతుంది. తెల్లకణాలు బాగా పడిపోయిన లుకేమియా రోగుల్లో ఇదే క్రిమి రక్తంలో చేరి మెదడును దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి.  కీమో నడుస్తున్నవారికి చద్దన్నం కాకుండా అప్పుడే వండిన వేడి అన్నం పెట్టండి.

వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోవు

ఈ జబ్బులన్నిటిలోనూ రోగిని దెబ్బతీసే ఆలస్యం ఒకటుంది. వెన్ను నుంచి నీరు తీయాలనగానే ఇంట్లోవాళ్ళు వద్దనడం. 1891లో జర్మనీలోని కీల్ నగరంలో హైన్‌రిక్ క్వింకె ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండో ఎముకల దగ్గరే ముగిసిపోతుంది. సూది గుచ్చేది అంతకంటే కింద, మూడు నాలుగు లేదా నాలుగైదు ఎముకల మధ్య. అక్కడ వెన్నుపామే లేదు, నీటిలో తేలే నరాల పోగులు మాత్రమే ఉంటాయి. మెదడు చుట్టూ, వెన్నులో కలిపి ఉండే నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. ఒళ్ళు రోజుకు తయారుచేసేది సుమారు 500 మిల్లీలీటర్లు. పరీక్షకు తీసే కొన్ని చెంచాల నీరు గంట, రెండు గంటల్లో భర్తీ అయిపోతుంది. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి ఉంటుంది. నిరోధక శక్తి తగ్గినవారికి సూది వేసే ముందు తలకు స్కాన్ తీస్తారు. లోపల గడ్డ ఉందేమో చూడటానికి. ఆ స్కాన్ కోసం యాంటీబయాటిక్‌ను మాత్రం ఆపరు.

మీరు చేయాల్సింది

ఇంట్లో నిరోధక శక్తి తగ్గినవారు ఉంటే ఈ మార్పులను గమనించండి: తగ్గని కొత్త తలనొప్పి, పగలు మగత, మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం, నడకలో తూలడం, ఫిట్స్. జ్వరం లేదు కదా అని ఆగకండి. నొప్పి బిళ్ళ వేసి రేపు చూద్దామనుకోకండి. నిరోధక శక్తిని తగ్గించే మందులను భయపడి మీ అంతట మీరు ఆపేయడం కూడా తప్పే, మార్చేది డాక్టరే.

వాడుతున్న మందులు, జరిగిన ఆపరేషన్లు, వేయించుకున్న టీకాలు ఒక కాగితం మీద రాసి రోగి దగ్గర ఉంచండి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా, ఏ డాక్టర్ ఎదుట కూర్చున్నా, తలనొప్పి సంగతి చెప్పడానికి ముందు ఆ కాగితం చేతికివ్వండి. మొదటి యాంటీబయాటిక్ సరైనది పడాలంటే డాక్టర్‌కు ముందు తెలియాల్సింది అదే.